లెక్కకు చిక్కిన పరిణామము: ఆచార్య హాల్డేన్ జీవితము

కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు, 1964లో మరణించిన ఒక మహాశాస్త్రవేత్త భౌతికకాయము దానముగా లభించెను. విద్యార్థుల శిక్షణకును పరిశోధనకును ఉపయోగింపవలెనని ఆయన స్వయముగా కోరి యిచ్చిన దానమది. ఇంగ్లండు దేశమున పుట్టి, భారత పౌరుడై, భువనేశ్వరమున కన్నుమూసిన ఆ మహనీయుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఆయన అస్థిపంజరము ఆ కళాశాలలోనే భద్రపరుపబడినది. ఆంధ్రదేశమున ఆయన పేరు వినినవారు కొందరు గలరు. ఆయన చేసిన పని యెట్టిదో యెఱిగినవారు మిక్కిలి తక్కువ. శ్రీకాకుళము, విశాఖపట్టణము మున్నగు జిల్లాలనుండి సముద్రము దాటి వచ్చి యీ ద్వీపములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు, అట్లే సముద్రము దాటి వచ్చి మనవాడైన యీ శాస్త్రవేత్త జీవితమును పరిచయము చేయుట యుచితమని తలంచుచున్నాము.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు. బొగ్గుగనులలో విషవాయువులచేత కార్మికులు మరణించుటకు గల కారణములను ఆయన శోధించెను. చిన్నవాడైన కుమారుని తనవెంట గనులలోనికి గొనిపోయి, గాలిని పరీక్షించు విధానమును చూపెడివాడు. ప్రకృతిని గూర్చి ఊహలతో తృప్తిపడక కొలిచి చూడవలెనను బుద్ధి ఆ బాలునికి ఇంటనే అలవడెను. ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజిలోను చదివి, గణితమునందును, ప్రాచీన గ్రీకు లాటిను విద్యలందును ఆయన ఉన్నతశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. జీవశాస్త్రమున ఆయనకు పట్టమే లేదు. ఆ శాస్త్రముననే ఆయన చిరస్మరణీయు డగుట విశేషము.

ఆయన చేసిన పనిని గ్రహించుటకు ఆనాటి సమస్యను కొంత తెలిసికొనవలెను. 1859లో డార్విన్ మహాశయుడు ప్రకృతి వరణ సిద్ధాంతమును లోకమునకు వెల్లడించెను. ప్రతి జాతియందును బ్రదుకగలిగినన్నింటికంటె ఎక్కువ ప్రాణులు పుట్టును. వానిలో పరస్పర భేదములుండును. పరిస్థితులకు తగిన భేదము గలవి ఎక్కువ సంతానము విడుచును. ఇట్లు తరతరములకు జాతి మాఱుచుండును. ఇది యుక్తియుక్తముగనే యుండెను గాని, భేదములు తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు విధము డార్వినుకు తెలియదు. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై ప్రయోగములు చేసి 1866లో ప్రకటించిన సూత్రములు 1900 వఱకు మరుగున పడియుండెను. అవి వెలికివచ్చిన పిదప పండితులు రెండు పక్షములైరి. పొడుగు, బరువు, పాలదిగుబడి వంటి గుణములు కొంచెము కొంచెముగా భేదించును గాని, మెండెలు చెప్పినట్లు రెండే తెగలుగా విడిపోవుట లేదని కొలతల పక్షమువారు వాదించిరి. పరిణామము పెద్ద గంతులతోనే జరుగవలెనని రెండవ పక్షమున పలువురు పట్టుపట్టిరి. 1918లో రొనాల్డ్ ఫిషర్ యీ తగవును గణితముతో తీర్చెను. ఒక్కొక్కటి స్వల్ప ఫలమునే యిచ్చు అనేక జన్యువులు ఒకే గుణముపై పనిచేసినచో, మెండెల్ సూత్రముల ప్రకారమే పొడుగు వంటి గుణము క్రమభేదముతో కానవచ్చునని ఆయన నిరూపించెను. పరిమాణాత్మక జన్యుశాస్త్రమునకు అది పునాది.

ఈ లోపల హాల్డేన్ యువకుడై, చెల్లెలు నయోమితోను, మిత్రుడు స్ప్రంటుతోను కలిసి ఎలుకలను పెంచి వాని రంగులు సంక్రమించు తీరును పరిశీలించుచుండెను. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. స్ప్రంట్ యుద్ధమున మరణించెను. హాల్డేన్ సైన్యమున చేరి ఫ్రాన్సునందును మెసొపొటేమియాయందును గాయపడెను. చికిత్సానంతర విశ్రాంతికై ఆయన భారతదేశమునకు పంపబడుట ఆయనకు మన దేశముతో కలిగిన మొదటి పరిచయము. ముగ్గురి పేర ఎలుకల పరిశోధన 1915లో ప్రకటితమయ్యెను. క్షీరజంతువులలో రెండు గుణములు జంటగా సంక్రమించుటను చూపిన తొలి పత్రములలో అది యొకటి.

1923లో ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జీవరసాయన శాస్త్రోపన్యాసకుడయ్యెను. మరుసటి సంవత్సరమున, ప్రకృతి వరణమునకు గణిత సిద్ధాంతమును నిర్మించు పత్రముల పరంపర నారంభించెను. ఒక జన్యువు తనను ధరించిన ప్రాణికి ఇంత లాభము చేకూర్చినచో, అది సముదాయమున వ్యాపించుటకు ఎన్ని తరములు పట్టును? ఇది ఆయన వేసిన ప్రశ్న. దీనికి ఉదాహరణముగా ఇంగ్లండులోని ఒక రాత్రిచిలుకను, అనగా నిశాచరమైన సీతాకోకజాతి పురుగును, ఆయన గ్రహించెను. ఆ పురుగు తెల్లని రెక్కలపై నల్లని చుక్కలు గలది. 1848లో మాంచెస్టరు పరిసరములందు పూర్తిగా నల్లనిది కానవచ్చెను. యాబదేండ్లలో అచ్చట తెల్లనివి దాదాపు అదృశ్యమై నల్లనివే మిగిలెను. ఏడాదికొక తరము గనుక ఇది సుమారు 50 తరముల కాలము. ఇంత స్వల్పకాలమున ఇంత మార్పు రావలెనన్నచో, తెల్లనివి రెండు బ్రదికి సంతానము విడుచునెడ నల్లనివి మూడైనను బ్రదుకవలెనని హాల్డేన్ లెక్కగట్టెను.

ఇంత తీవ్రమైన వరణము ప్రకృతిలో నుండునని ఆనాడు నమ్మినవారు తక్కువ. 1950 దశకమున కెటిల్‌వెల్ అను పరిశోధకుడు అడవులలో ఈ పురుగులను గుర్తుపెట్టి విడిచి, పొగమసి పట్టిన చెట్లపై తెల్లనివానిని పక్షులు ఎక్కువగా తినుచున్నట్లు కనుగొనెను. ఆయన పద్ధతులపై ఆక్షేపణలు వచ్చినను, మజెరస్ అను శాస్త్రజ్ఞుడు పలు సంవత్సరములు జరిపిన విస్తృత పరిశీలన 2012లో వెలువడి, పక్షుల పాత్రను స్థిరపఱచెను. కాగితముపై వేసిన లెక్కకు అడవిలో సాక్ష్యము దొరకుటకు ఇన్ని ఏండ్లు పట్టెను.

వేగముగా జరుగు మార్పును మాత్రమే గాక మందగతిని గూడ హాల్డేన్ లెక్కించెను. వేయింట ఒక వంతు మాత్రమే లాభమునిచ్చు బహిర్గత జన్యువొకటి ఉన్నదనుకొందము. దాని గుణము నూటికొకరిలో కనబడు స్థితినుండి నూటికి తొంబదితొమ్మిదిమందిలో కనబడు స్థితికి వచ్చుటకు సుమారు 16,500 తరములు పట్టును. మన కంటికి అది లేనట్టి లాభమే. భూమి యొక్క వయస్సుతో పోల్చినచో ఆ కాలము రెప్పపాటు. కంటికి కానరాని లాభము కూడ కాలము కలిసివచ్చినప్పుడు జాతిని మార్చగలదని ఇట్లు అంకెలతో తేలెను. 1932లో ఆయన తన ఫలితములను పరిణామ కారణములను గూర్చిన గ్రంథమున సంగ్రహించెను. ఆ యేడే రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఇంగ్లండున ఫిషర్, అమెరికాలో స్యూవల్ రైట్, వీరిద్దఱితో పాటు హాల్డేన్, ఈ మువ్వురు సముదాయ జన్యుశాస్త్రమునకు మూలపురుషులుగా నెన్నబడుచున్నారు.

1933లో లండను యూనివర్సిటీ కాలేజిలో ఆచార్య పదవి లభించెను. అచ్చట ఆయన దృష్టి మానవులపైకి మఱలెను. రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధిగల పురుషులు పూర్వము చిన్నతనముననే మరణించెడివారు. అయినను ఆ వ్యాధి తరతరములకు అంతరింపకుండుటకు కారణమేమి? మరణములతో పోయినన్ని జన్యువులు, కొత్తగా కలుగు ఉత్పరివర్తనములవలన తిరిగి పుట్టుచుండవలెను. ఈ జమాఖర్చును సరిపోల్చి, తరమునకు సుమారు 50,000లో ఒకటి చొప్పున ఆ మార్పు కలుగుచున్నదని 1935లో ఆయన అంచనా వేసెను. మానవ జన్యువు మాఱు వేగమును లెక్కించిన తొలి ప్రయత్నమిది.

మధ్యధరా ప్రాంతమున తలసీమియా అను రక్తవ్యాధి విరివిగా నుండుటకు హేతువును 1949లో సూచించెను. ఆ జన్యువు రెండు ప్రతులు గలవారు ఆనాడు మరణించెడివారు. ఒకే ప్రతి గలవారికి మలేరియాను తట్టుకొను శక్తి యుండవచ్చునని ఆయన యూహ. 1954లో ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో కొడవలికణ జన్యువు విషయమున ఇట్టి రక్షణ కలదని చూపెను. 1858లో శిక్షాస్థావరము నెలకొన్న నాటినుండి మలేరియాతో పోరాడిన యీ ద్వీపముల చరిత్ర నెఱిగినవారికి, వ్యాధియే జాతి జన్యువులను తీర్చిదిద్దునను మాట వింతగా తోపదు.

పరిమాణ గుణములపై వరణమును కొలుచుటకు గూడ ఆయన మార్గము చూపెను. లండనులో పుట్టిన 13,730 మంది శిశువుల బరువులను, వారి బ్రదుకు చావులను కార్న్, పెన్రోజ్ అనువారు 1951లో ప్రకటించియుండిరి. మిక్కిలి తేలికగా పుట్టినవారును, మిక్కిలి బరువుగా పుట్టినవారును ఎక్కువగా మరణించిరి. శిశువులందఱును మధ్యమపు బరువుతో పుట్టియున్నచో, సంభవించిన మరణములలో సగమునకు మించి తప్పియుండెడివని హాల్డేన్ లెక్క తేల్చెను. ప్రకృతి వరణము గుణమును ఒకవైపునకు నెట్టుటయే గాక, నడుమ నిలిపి యుంచుటయు గలదని దీనివలన తెలియుచున్నది.

అంకెలను ఆయన మానవుల హితమునకు గూడ వినియోగించెను. హీనజన్యువులు గలవారికి సంతానము కలుగకుండ చేయవలెనని ఐరోపా, అమెరికా దేశములలో చట్టములు వచ్చిన దినములవి. 1938లో ప్రకటించిన గ్రంథమున ఆయన దీనిని తీవ్రముగా ఖండించెను. గణితము సులభమే. పదివేలమందిలో ఒకరికి కలుగు అంతర్గత వ్యాధి నెంచుకొందము. ఆ జన్యువును మఱుగుగా మోయుచున్న ఆరోగ్యవంతులు ఏబదిమందికి ఒకరుందురు. రోగులందఱికిని సంతానము లేకుండ చేసినను, ఆ జన్యువు సగమునకు తగ్గుటకు నూఱు తరములు, అనగా సుమారు రెండువేల ఐదువందల ఏండ్లు పట్టును. నిష్ఫలమైన క్రౌర్యమును శాస్త్రము పేర సాగించుట తగదని ఆయన వాదము.

హాల్డేన్ సాహసి. జలాంతర్గాముల లోని విషవాయువులు, గాలి యొత్తిడి మనుష్యుని కేమి చేయునో తెలిసికొనుటకు తన దేహముననే ప్రయోగములు చేసికొని వెన్నెముకకు గాయము తెచ్చుకొనెను. సామాన్యులకు శాస్త్రమును బోధించుటకై పత్రికలలో వందల కొలది వ్యాసములు వ్రాసెను. రాజకీయములందు కమ్యూనిస్టుగా నుండెను. ఈ విషయమున ఆయన జీవితమున ఒక మచ్చ గలదు. రష్యాలో లైసెంకో జన్యుశాస్త్రమును అణచివేయగా, మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్ 1943లో చెఱసాలయందు మరణించెను. లెక్క తప్పినచోట ఎవరినైనను నిలదీయు హాల్డేన్, పార్టీపై గల అభిమానముచేత చాలకాలము స్పష్టముగా ఖండింపక యుండెను. 1950 ప్రాంతమున మౌనముగా ఆ పార్టీనుండి తొలగెను. గొప్పవారి చరిత్రలో గుణములతోపాటు దీనిని గూడ చెప్పుట న్యాయము.

1957లో, అఱువదినాలుగేండ్ల వయస్సున, లండనులోని పదవిని విడిచి, సహచరిణియు శాస్త్రజ్ఞురాలునగు హెలెన్ స్పర్వేతో కలిసి ఆయన కలకత్తాకు వచ్చెను. సూయెజ్ కాలువపై బ్రిటను దాడి చేయుటకు నిరసనగా దేశము విడుచుచున్నట్లు ప్రకటించెను. ఆచార్య ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానముపై భారత సాంఖ్యక సంస్థలో చేరెను. ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థియు, కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద పరిశోధన చేసినవాడునగు మన తెలుగుబిడ్డ కల్యంపూడి రాధాకృష్ణరావు అప్పుడా సంస్థలో ప్రముఖాచార్యుడు. హాల్డేన్ ఖద్దరు వస్త్రములు ధరించి, శాకాహారియై, 1961లో భారత పౌరసత్వమును స్వీకరించెను. తాను సంపాదకుడుగా నున్న జన్యుశాస్త్ర పత్రికను గూడ వెంట తెచ్చుకొనెను. అది నేటికిని భారతదేశమునుండియే వెలువడుచున్నది.

ఖరీదైన యంత్రములు లేవని చింతించు యువకులకు ఆయన చూపిన దారి లెక్కించుట. పువ్వు రేకులు, చెట్టు ఆకులు, పురుగుల రాకపోకలు, వరిచేని దిగుబడి, ఇవన్నియు కాగితము, పెన్సిలు, ఓర్పు ఉన్నచో పరిశోధనకు తగినవే. టి.ఏ. డేవిస్ అను శిష్యుడు కొబ్బరిచెట్లను ఎంచుకొనెను. కొబ్బరి మట్టలు కాండముచుట్టు మెలికగా పుట్టును. కొన్ని చెట్లలో ఆ మెలిక ఎడమకును, కొన్నిటిలో కుడికిని తిరుగును. ఎడమ మెలిక చెట్లు సగటున ఎక్కువ కాయలు కాయుచున్నట్లు డేవిస్ లెక్కలలో తేలెను. అటులైన ఎడమ చెట్ల కాయలనే నాటినచో తోటంతయు ఎడమ చెట్లగునా? కాదు. తల్లిచెట్టు ఏ మెలికదైనను, పిల్లలలో ఎడమవియు కుడివియు ఇంచుమించు సగపాళ్లనే పుట్టినవి. ఆ గుణము అనువంశికము కాదని 1962లో డేవిస్ ప్రకటించెను.

ఈ చిన్న పరిశీలనలో పరిమాణాత్మక జన్యుశాస్త్రపు ముఖ్యసూత్రము ఇమిడియున్నది. లాభమున్నంత మాత్రమున పరిణామము జరుగదు. ఆ లాభకరమైన భేదము సంతానమునకు సంక్రమింపవలెను. ఒక చేనిలో సగటుకంటె పది గింజలు ఎక్కువగల వెన్నులనే విత్తనమున కేరితిమనుకొందము. మరుసటి పంటలో సగటు నాలుగు గింజలు పెరిగినచో ఆ భేదమున పదింట నాలుగువంతులు అనువంశికము. మిగిలినది నేల, నీరు, ఎరువుల ఫలితము. ఏమియు పెరుగనిచో మనమేరినది నేల బలమును గాని బీజబలమును కాదు. చౌల్దారీ వంటి దక్షిణ అండమాను గ్రామములందు కొబ్బరితోటలకు కొదువలేదు. 2024లో శ్రీ విజయపురముగా పేరు మాఱిన పోర్టు బ్లెయిరులోను, ఆ పల్లెలలోను చదువుకొను మన పిల్లలు ఒక ఆదివారము ఎడమ కుడి మెలికలను లెక్కించినచో, హాల్డేన్ పాఠశాలలో ఒకదినము కూర్చున్నట్లే.

ఆయన శిష్యులలో పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు తెలుగువారికి ప్రత్యేకముగా స్మరణీయుడు. గురువును గూర్చి పలు గ్రంథములు రచించి, 2020లో ఆయన దివంగతుడయ్యెను. మీరాఖాన్ అను వైద్యునితో కలిసి ఆంధ్రదేశపు రక్తసంబంధ వివాహములను గూర్చి 1963లో ఆయన ప్రకటించిన పత్రము మన ఇండ్లకు సంబంధించినది. మేనరికములు, అక్క కూతురిని పెండ్లాడుట మన యాచారము. మేనమామ మేనకోడండ్ర సంతానమున ఒకే పూర్వికుని జన్యువు రెండు ప్రతులుగా కలియుటకు ఎనిమిదింట ఒకవంతు అవకాశము. మేనత్త మేనమామ బిడ్డల సంతానమున పదునాఱింట ఒకవంతు. హాల్డేన్ తానును శిష్యుడు జయకర్‌తో కలిసి 1962లో బంధుత్వముల రకములను గణితరీత్యా వర్గీకరించెను.

వేలయేండ్లుగా ఇట్టి వివాహములు జరిగిన సమాజములో హానికర జన్యువులు ఎప్పటికప్పుడు బయటపడి నశించి, కడకు తఱిగియుండవలెను గదా యనునది శాస్త్రజ్ఞులను ఆకర్షించిన ప్రశ్న. కొంత తఱిగియుండుట సాధ్యమే. కాని నష్టము మాసిపోయినట్లు తరువాతి పరిశీలనలు చూపలేదు. సామాన్యముగా నూటికి ఇద్దఱు ముగ్గురు శిశువులకు కలుగు జన్మలోపములు, మేనరికపు సంతానమున నూటికి సుమారు మఱి ఇద్దఱు ముగ్గురికి పెరుగునని నేటి అంచనా. మేనమామ వివాహమున ఇంకను అధికము. ఇందువలన మేనరికము చేసికొన్న ప్రతి యింటను కీడు కలుగునని భయపడనక్కరలేదు. తాతల నాటినుండి వచ్చుచున్నది గనుక దోషమే లేదని ధైర్యము చెప్పుకొనుటయు తగదు. కుటుంబమున వంశపారంపర్య వ్యాధి యున్నచో వివాహమునకు పూర్వమే వైద్యుని సంప్రదించుట వివేకము.

అభిప్రాయభేదములవలన 1961లో హాల్డేన్ సాంఖ్యక సంస్థను విడిచెను. కొంతకాలము వేఱొక ప్రయత్నము చేసి, 1962లో ఒడిశా ప్రభుత్వ ఆహ్వానముపై భువనేశ్వరమున జన్యుశాస్త్ర ప్రయోగశాలను స్థాపించెను. ఒక జన్యువు స్థానమున మఱియొకటి పూర్తిగా నెలకొనుటకు సగటున మున్నూఱు తరములు పట్టునని ఆయన 1957లో వేసిన లెక్క అప్పటికే పండితలోకమున చర్చనీయాంశమై యుండెను. 1968లో జపాను శాస్త్రజ్ఞుడు కిమురా ఆ లెక్కను ఆధారముగా గొని, అణుస్థాయిలోని మార్పులలో అధికభాగము లాభనష్టములు లేనివేయని కొత్త సిద్ధాంతమును ప్రతిపాదించెను. అది చూచుటకు హాల్డేన్ లేడు. పేగు క్యాన్సరుతో బాధపడి, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున ఆయన పరమపదించెను.

జీవించినంతకాలము తన దేహమును ప్రయోగశాలగా వాడుకొన్న ఆ శాస్త్రవేత్త, మరణించిన పిదపను దానిని తెలుగు విద్యార్థుల చేతికే యప్పగించెను. సర్కారు కొలువులో దినమంతయు అంకెలతోనే గడపు మనకు లెక్క అనగానే విసుగు పుట్టుట సహజము. నిజాయితీగా వేసిన లెక్క మూఢభయమును, మూఢగర్వమును కూడ పోగొట్టునని ఈయన చరిత్ర బోధించుచున్నది. కాకినాడకు పోవు మన బంధుమిత్రులు ఆ కళాశాల మీదుగా వెళ్లునప్పుడు ఆయన నొకపరి తలచుకొందురు గాక.